రిజిస్టరులో నేను వదిలిన వరుస

ఆ రోజు కోరుట్లలో మా చర్చి గేటు ముందర అంబులెన్సు నిలబడి ఉండగా నేను రిజిస్టరు తెరిచి చూసి "లేదు" అన్నాను. అది అబద్ధం కాదు. అతని పేరు అందులో నిజంగానే లేదు. కానీ ఆ మాట వెంట చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. పేరు లేకపోవడానికి కారణం నేనేనని, పేరు రాశానని అతనికి నేనే చెప్పానని, అది నమ్ముకునే అతను చనిపోయాడని. అది చెప్పలేదు. ఆ రోజు గురించి మావాళ్లు ఇప్పటికీ తలా ఒక రకంగా మాట్లాడుకుంటారు. కొందరు పాస్టరయ్యను అంటారు, కొందరు సంఘ పెద్దను అంటారు. ఆ ఇద్దరికీ ఆ రోజు తెలియని సంగతి నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకిప్పుడు యాభై రెండేళ్లు. అప్పట్లో కోరుట్లలో మోటర్ వైండింగ్ దుకాణం పెట్టుకొని ఉండేవాణ్ని. రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెచ్చి పడేసి పోయేవారు. మాడిన తీగ ఊడదీసి కొత్త రాగి తీగ చుట్టడం, వార్నిష్ పొయ్యడం, ఆరబెట్టడం నా పని. ఆదివారం మాత్రం చర్చి సెక్రటరీని. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, మరణాలు రాసే పెద్ద రిజిస్టరు నా దగ్గరే ఉండేది. మా తాత కాలం నుంచి మేము ఆ సంఘంలోనే ఉన్నాం. మా వాడంతా అంతే. సమాధులు కట్టుకునే మా బొందలగడ్డ చిన్నది. అందుకని సంఘం ఒక కట్టుబాటు పెట్టుకుంది. రిజిస్టరులో బాప్తిస్మం వరుసల్లో పేరున్నవాళ్లకే అక్కడ చోటు.

అతను పక్క ఊరివాడు, నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడు. కల్లు గీసే ఇల్లు. తండ్రి తాళ్లెక్కేవాడు. ఇతను ఎక్కలేదు, పొలం చేసుకునేవాడు. వాళ్ల మోటర్ ఏడాదికి రెండుసార్లు కాలేది. అది తయారయ్యేదాకా నా దుకాణంలో పాత టైరు మీద కూర్చొని, నా గ్లాసులోని చాయ సగం తాగి, ప్రశ్నలు అడిగేవాడు.

"అన్నా, మీ దేవుడు మీ వాడోళ్లకేనా, మాక్కూడానా?"

"అందరికి తమ్మీ."

"అందరికంటే? మా నాయినకు సుత?"

"మీ నాయినకు సుత."

"గంతమంది అస్తే మీ చర్చిల చాపలు సరిపోతయా మరి?"

ఇద్దరం నవ్వాం. నేను మాత్రం కర్ర సుత్తితో తీగను కొట్టిన దెబ్బ కావలసినదానికంటే గట్టిగా పడింది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

తర్వాత అతను మస్కట్ పోయాడు. భార్య ఇంటి దగ్గరే ఉండి బీడీలు చుట్టేది. కూతురు చదువుకునేది. అక్కడ అతను ఉండే కూలీల క్యాంపులో కేరళ నుంచి వచ్చిన ఒక వడ్రంగి శుక్రవారం పూట గదిలో ప్రార్థన పెట్టేవాడట. ఇతను వినడానికి పోయాడు, ఊరికే కూర్చున్నాడు, తర్వాత కూర్చోకుండా ఉండలేకపోయాడు. ఇదంతా నాకు వాట్సాప్‌లో గొంతు రూపంలో వచ్చేది. తెలుగులో మాట్లాడుకోవడానికి ఆ సంగతిలో అతనికి నేనొక్కణ్నే ఉన్నాను. ఇంట్లో చెప్తే అన్నలు ఊరుకోరు.

ఒకరోజు ఫొటో వచ్చింది. నీలం రంగు నీళ్ల డ్రమ్ములో మెడదాకా మునిగి, కళ్లు చికిలించి నవ్వుతున్నాడు. వెనకే గొంతు.

"అన్నా, బాప్తిస్మం తీసుకున్న. సముద్రం దగ్గర్నే ఉంది గని క్యాంపోళ్లు పోనియ్యరు. డ్రమ్ముల ముంచిండు. తల మునిగితె మోకాళ్లు బయటికచ్చినయ్. నా మోకాళ్లకు రక్షణ లేదేమో సూడన్నా! మళ్ల వంచి ముంచిండు."

అది విని దుకాణంలో ఒక్కణ్నే పగలబడి నవ్వాను. ఆ తర్వాత ఇంకొకటి వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"అన్నా, నా పేరు మన కోరుట్ల రిజిస్టర్ల రాయి. ఇంటికాడ ఒక గుర్తు ఉండాలె. నాకేమన్న అయితే నన్ను కాలవెట్టద్దు. మీ బొందలగడ్డల పెట్టుండ్రి. మా ఇంటామెకు సుత చెప్పిన."

"సూద్దాం తమ్మీ" అన్నాను.

రెండోసారి అడిగినప్పుడు రిజిస్టరు తీశాను. వరుస సంఖ్య వేశాను. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగాను. బయట బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పేరు రాయాలంటే అక్కడి పాస్టరు ఉత్తరం కావాలి. ఇతనికి ఇచ్చినవాడు వడ్రంగి. ఈ సంగతి సంఘంలో పెడితే ఉత్తరం లేకపోయినా ఒప్పుకుందురేమో, ఒప్పుకోకపోదురేమో. నేను పెట్టలేదు. వాళ్ల అన్నలు వచ్చి 'మావోన్ని కలుపుకున్నరు' అని గొడవ చేస్తారన్న భయం కూడా ఉండింది. సంఖ్య వేసిన ఆ వరుస ఖాళీగా వదిలి, కింది వరుసలో ఆ ఆదివారం బాప్తిస్మం తీసుకున్న ఒక పిల్ల పేరు రాశాను.

మూడోసారి అతను అడిగిన రోజు నాకు బాగా గుర్తుంది. చేతులనిండా వార్నిష్. టేబుల్ మీద అప్పుడే చుట్టిన మోటర్ పరీక్షకు తిరుగుతోంది. గిరాకీ మీద గిరాకీ. ముంజేతితో ఫోన్ నొక్కి పట్టుకొని పంపాను. "రాసిన తమ్మీ, రాసిన. రక్షణ అందరికి. నీకెందుకు రంది?"

ఆ తర్వాత అతను మళ్లీ అడగలేదు.

ఏడాది గడిచింది. ఒక ఉదయం పదింటికి పాస్టరయ్య ఫోన్ చేసి, రిజిస్టరు పట్టుకొని చర్చికి రమ్మన్నాడు. ఆయన మా సంఘానికి వచ్చి నాలుగు నెలలే. వెళ్లేసరికి గేటు ముందర అంబులెన్సు. దాంట్లో మస్కట్ నుంచి వచ్చిన శవపెట్టె. పెట్టె మీద అంటించిన కాగితంలో ఇంగ్లీషులో అతని పేరు. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట, గుండె ఆగి. నాకు ఆ కబురు కూడా తెలియదు. కాగితం మీద పేరు చదివి తెలుసుకున్నాను. స్కూటర్ స్టాండ్ వెయ్యడం మరిచిపోయి దిగితే అది పక్కకు పడిపోయింది.

అతని భార్య గేటు పట్టుకొని నిలబడి ఉంది. అంతకుముందు ఆమెను నేను రెండుసార్లో మూడుసార్లో చూశాను. మొగుడు ఏ సంఘంలో కలిశాడో తెలుసుగాని, అందులో ఎవరితో మాట్లాడేవాడో ఆమెకు తెలియదు. అతని పెద్దన్న అంబులెన్సు ముందు సీట్లోంచి దిగలేదు.

సంఘ పెద్ద ఆమెను అడిగాడు. "బాప్తిస్మం ఎక్కడ తీసుకున్నడమ్మా?"

"ఆడనే, మస్కట్ల. డ్రమ్ముల ముంచిండ్రట."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "డ్రమ్ముల బాప్తిస్మమా?"

ముందు సీట్లోంచి పెద్దన్న గొంతు లేచింది. "మీ దేవున్ల కలుపుకునేటప్పుడు డ్రమ్ము మంచిగనే ఉండె. బొంద తవ్వేటప్పుడు పనికిరాదా?"

పాస్టరయ్య నా వైపు తిరిగి "రిజిస్టరు చూడండి బ్రదర్, పేరుంటే ఏ గొడవా లేదు" అన్నాడు.

"ఉంటది" అంది ఆమె. "రాసిండ్రని ఆయిననే చెప్పిండు. అన్నెవలో రాసిండట. మంచిగ చూడన్నా."

గేటు దిమ్మె మీద పెట్టి రిజిస్టరు తెరిచాను. ఆ పేజీ నాకు వెతకనవసరం లేదు. అయినా ముందునుంచి ఒక్కొక్క పేజీ తిప్పాను, వెతుకుతున్నట్టు. ఆ ఖాళీ వరుస వచ్చింది. సంఘ పెద్ద నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

"ఇదేంది, నడుమ ఒకటి ఖాళీ ఉంది?"

"వరుస తప్పింది" అన్నాను.

"పేరు మాత్రం?"

"లేదు."

నా చెయ్యి ఆ పేజీ మీద అలాగే ఉండిపోయింది. నోరు తెరిస్తే చాలు. 'రాయమని నాకే చెప్పిండు, రాయంది నేనే' అంటే చాలు. పాస్టరయ్య మెత్తనివాడు, ఒప్పుకునేవాడేమో. అందరి కళ్లూ రిజిస్టరు మీద ఉన్నాయిగాని నా మీద లేవు. నా మీద పడకుండా ఉంటే చాలనుకున్నాను. ఒక మనిషి శవం ముందు నేను అనుకున్నది అది. ఇప్పుడు రాస్తుంటే కూడా నమ్మబుద్ధి కావడం లేదు.

పెద్దన్న డ్రైవరుతో "ఇగ పా" అన్నాడు. ఆమె గేటు వదల్లేదు. ఆడవాళ్లు వేళ్లు విడిపించి బండి ఎక్కించారు. వాళ్ల ఊరి వాగు ఒడ్డున కట్టెలు పేర్చి కాలబెట్టారని సాయంత్రం తెలిసింది. అతను వద్దని చెప్పిన పని అదొక్కటే.

నెల తిరక్కముందే కళ్లు కనబడడం లేదని చెప్పి రిజిస్టరు వేరేవాళ్లకు అప్పగించాను. దుకాణం కూడా తీసేసి సిరిసిల్లలో ఒక షెడ్డులో బట్ట నేసే సాంచాల మోటర్లు చూసే పనికి కుదిరాను. గిరాకీ తగ్గిందని ఇంట్లో చెప్పాను. గిరాకీ తగ్గలేదు. వాళ్ల ఊరివాళ్లు మోటర్లు తెచ్చినప్పుడల్లా ఆ టైరు మీద కూర్చునేవారు. అది చూడలేకపోయాను.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం షెడ్డు వాకిట్లో ఆమె నిలబడి ఉంది. ముందు గుర్తుపట్టలేదు. సాంచాల చప్పుడులో ఆమె పెదవులు కదిలాయిగాని మాట వినిపించలేదు. చెయ్యి చూపించి బయటికి రమ్మంది. రోడ్డుకవతల చాయ హోటల్ దాకా నడిచాం. సిరిసిల్లలో వాళ్ల అక్క ఇల్లుందని, నేనిక్కడున్నానని ఎవరో చెప్పారని అంది. కూర్చున్నాక చీర కొంగులోంచి ఫోన్ తీసింది. గాజు పలక పగిలిన పాత ఫోన్.

"ఆయినది. సామాన్లల్ల వేసి ఆర్నెల్లకు పంపిండ్రు. తాళం పడ్డది. నా బిడ్డ జగిత్యాలల సదువుతున్నది గద, ఆడ ఫోన్ల దుకాణంల తాళం తీపిచ్చింది. ఇను."

నొక్కింది. మొదట వినిపించింది గొంతు కాదు. ఒక మోటర్ తిరుగుతున్న చప్పుడు. బేరింగ్ కొద్దిగా అరిగిన మోటర్. అది నా టేబుల్ మీది మోటరని గొంతు రాకముందే తెలిసిపోయింది. చాయ గ్లాసు కింద పెట్టేశాను.

"రాసిన తమ్మీ, రాసిన. రక్షణ అందరికి. నీకెందుకు రంది?"

నా గొంతు ఎంత కులాసాగా ఉంది! ఈగను తోలినట్టు ఉంది. చనిపోయినవాడి ఫోన్లోంచి నేను మాట్లాడుతున్నాను. పక్క బల్ల మీద ఎవరో తిరిగి చూశారు. ఆమె ఆపలేదు, మళ్లీ ఒకసారి పెట్టింది. తర్వాత తన ఫోన్ తీసి ఇంకొకటి పెట్టింది. ఇది అతను ఆమెకు పంపింది, అదే రోజు.

"ఏమే, అన్న రాసిండటనే! ఇగ నాకే రంది లేదు. రూంల అందరికి ఖజూరాలు పంచిన. నువ్వు సుత బీడీలోళ్లకు ఏదన్న తీపి పెట్టు."

"పెట్టిన" అంది ఆమె ఫోన్ ఆపేసి. "ఎందుకో తెల్వకుంటనే పెట్టిన. ఏ అన్ననో అడగలె. పెద్దమనిషెవలో అనుకున్న. ఫోన్ల నీ ఫొటో సూసినంక తెల్సింది, గేటు కాడ రిజిస్టర్ తిప్పినోడు నువ్వేనాయె."

ఉత్తరం సంగతి ఎత్తబోయాను.

"నాకు నీ సంజాయిషీ వద్దు. ఒక్కటి చెప్పు. మీ రిజిస్టర్ల లేదంటే ఆయినకు దేవుని కాడ సుత చోటు లేనట్టేనా? ఏడాదిన్నర సంది ఆకు కత్తిరిస్తె గిదే, దారం సుడితె గిదే. నాకు మీ దేవుడు తెల్వదు. ఆయిన నమ్మిండు. లోపటికి రానిచ్చిండ్రా, గేటు కాడనే నిలవెట్టిండ్రా?"

"అట్ల కాదు చెల్లె" అన్నాను. "రక్షణ అందరికి..."

అక్కడే ఆగిపోయాను.

"ఆ మాట ఫోన్ల సుత ఉన్నది" అంది ఆమె.

నేను ఆదివారం పోయి ఆ వరుసలో పేరు రాయిస్తానన్నాను. ఆమె ఒక నవ్వు నవ్వింది.

"ఇప్పుడు రాస్తె ఎవలకు? నీకు నిద్ర పట్టెతందుకా? రాయకు. ఆడ గేటు కాడ అందరి ముందట లేదన్నవు గద. ఆడనే చెప్పు, ఎందుకు లేదో."

ఆమె పోయాక మళ్లీ షెడ్డులోకి పోలేదు. కొత్త బస్టాండు దాకా ఊరికే నడిచాను. ఉత్తరం లేదని రాయలేదా? అన్నలు గొడవ చేస్తారని రాయలేదా? అవే అయితే ఒక్కసారైనా అప్పుడున్న పాస్టరును అడిగి ఉండేవాణ్ని. అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడూ మరిచిపోనిది. అతని తండ్రి మా నాన్నకు కల్లు పోసే తీరు. వేరేవాళ్లు చెట్టు నీడలో కూర్చొని గ్లాసుల్లో తాగేవారు. మా నాన్న దూరంగా ఎండలో గొంతుక్కూర్చొని తాటాకు మడిచిన రేక పట్టుకునేవాడు. అతని తండ్రి ఎత్తునుంచి పోసేవాడు, కల్లు లొట్టి రేకకు తగలకుండా. నేను పక్కన నిలబడి చూసేవాణ్ని. ఆ మనిషి కొడుకు మోకాళ్లు ముడుచుకొని డ్రమ్ములోకి దిగి, నా చేతిలో ఉన్నది అడిగాడు. నేను ఎత్తునుంచి పోశాను. 'అందరికి' అని నోటితో పోసి, చేతిలోది తగలనివ్వలేదు. నా సగం చాయ తాగినవాడు అతను. అతని తండ్రి మీది కసి అతని మీద తీర్చుకున్నానని యాభై దాటాక సిరిసిల్ల రోడ్డు మీద తెలిసింది. ఎదురుగా వస్తున్న ఆటోవాడు హారన్ కొట్టి తిట్టేదాకా నడిరోడ్డులో ఉన్న సంగతి తెలియలేదు.

ఆ వారంలోనే జగిత్యాల పోయాను. పాస్టరయ్య అప్పటికి అక్కడి సంఘానికి మారాడు. మొత్తం చెప్పాను. ఆ రోజు తర్వాత కోరుట్లలో తనకు ఎవరూ సరిగా వందనం కూడా చెప్పలేదని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

"నాకు ఆ రోజే చెప్పి ఉంటే..." అని ఆగి, "చెప్పినా నేను ఒప్పుకునేవాణ్నో లేదో, నిజంగా తెలియదు బ్రదర్" అన్నాడు.

"అయ్యగారూ, ఆమె అడిగినదానికి ఏం చెప్పాలె?"

"రిజిస్టరు మనం పెట్టుకున్నది. స్థలం చిన్నదని, గొడవలు వద్దని. దేవుడు మనల్ని పెట్టమనలేదు. అతణ్ని ఆయన లోపలికి తీసుకోలేదని చెప్పే అధికారం నాకు లేదు, మీకు లేదు. కానీ ఆమె మిమ్మల్ని అడిగింది వేదాంతం కాదేమో."

"కాదు" అన్నాను.

ఆదివారం కోరుట్ల పోయాను. మా ఆరాధనలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గిందనో, కొడుకుకు వీసా వచ్చిందనో, ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలు చెప్పవచ్చు. నేను లేచాను. కొత్త పాస్టరు సంతోషంగా "చెప్పండి బ్రదర్, చాలా రోజులకు వచ్చారు" అన్నాడు. నేను పంపిన కబురుకు వచ్చి బయట గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది, కూతుర్ని పక్కన పెట్టుకొని. లోపలికి రమ్మంటే రాలేదు. నేను మైకు వదిలేసి, చాపల మధ్యనుంచి నడిచి గుమ్మం బయటికి వచ్చాను. ఆ రోజు రిజిస్టరు పెట్టి తిప్పిన దిమ్మె దగ్గర నిలబడ్డాను. అందరూ వెనక్కి తిరిగారు. సంఘ పెద్ద లేచి వచ్చి నా చొక్కా పట్టి లాగాడు. "ఇప్పుడెందుకయ్యా, అయిపోయిన ముచ్చట? లోపటికి రా." నేను కదలలేదు. జరిగినదంతా చెప్పాను. డ్రమ్ము, మూడుసార్లు అడగడం, ఖాళీ వరుస, 'వరుస తప్పింది' అన్నది, నాన్న రేక. ఒకామె ఏడ్చింది. ఒకాయన చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగాను.

"చెల్లె, నీ పెనిమిటి బాప్తిస్మంల తప్పు లేదు. ఆయిన నమ్మకంల తప్పు లేదు. దేవుడు ఆయిన్ని గేటు కాడ నిలవెట్టలేదు, నేను నిలవెట్టిన. రాసిన్నని అబద్ధం చెప్పిన. పెట్టె ముందట నిలవడి మల్లొక అబద్ధం ఆడిన. వద్దన్న కట్టెల మీదికి ఆయిన్ని పంపింది నేను, మీ బావ కాదు, ఈ సంఘం కాదు. నన్ను మాఫ్ చెయ్యమని అడిగే మొఖం నాకు లేదు. అయినా నీ ముందట, నీ బిడ్డ ముందట, గిక్కడ గీ గేటు కాడనే అడుగుతున్న. తప్పు నాది చెల్లె. నన్ను క్షమించు. తమ్మీ, నువ్వు సుత."